దేంట్ల ముప్పై మూడు?

2024 ఆగస్టులో మంచిర్యాల ఐబీ చౌరస్తా దగ్గర ఒక హాలులో ఐదు వందలు కట్టి మూడు గంటలు కూర్చున్నాను. మనిషి మనసు ఎట్లా పనిచేస్తుందో తెలిస్తే ఏ మెసేజ్‌నైనా వైరల్ చేయొచ్చట, దానికి శిక్షణ. ఎండకు కోటు వేసుకొచ్చిన సారు మైకు పట్టుకుని సూత్రాలు విప్పాడు. భయపెట్టాలి. ఆశపెట్టాలి. పదిమందీ చేస్తున్నారనాలి. పెద్దమనిషి పేరు వాడాలి. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదని తొందరపెట్టాలి. ముందు వరుస కుర్రాళ్లు తలెత్తకుండా రాసుకుంటున్నారు. వాళ్లలో సగం మంది శ్రీరాంపూర్, సీసీసీ, మందమర్రి వాట్సాప్ గ్రూపుల అడ్మిన్లే.

"సారూ, మరి మెసేజ్‌ల ఏముండాలె?" అని అడిగాను.

"అది మీ ఇష్టం అంకుల్. ప్యాకింగే ముఖ్యం" అన్నాడు.

అప్పుడు నాకు ఆ కోటు వెనక పసుపు మరకల కరపత్రం ఒకటి కనబడింది. చిన్నప్పుడు బొగ్గు బాయి నుంచి వచ్చిన మా నాయిన జేబులో దొరికేది. ఎక్కడో గుడిలో పాము కనబడిందట, ముసలి పూజారిగా మారి మాట్లాడిందట. ఈ కాగితం వెయ్యి అచ్చువేసి పంచినాయనకు లాటరీ తగిలిందట, నవ్వి చించేసినాయన ఇంట్లో పీనుగ లేచిందట. గడువు పదిహేను రోజులు. సారు చెప్పిన సూత్రాల్లో ఒక్కటి తగ్గితే ఒట్టు! రాబర్ట్ చాల్డినీ అనే అమెరికా ప్రొఫెసరు మనుషుల్ని ఒప్పించే ఆరు సూత్రాలతో 'ఇన్‌ఫ్లుయెన్స్' అన్న పుస్తకం 1984లో తెచ్చాడు. మా దిక్కు ప్రింటింగు ప్రెస్సుల వాళ్లు ఆ పుస్తకం పేరైనా వినకుండా వెయ్యి కాపీలకు ఇంతని వసూలు చేసుకున్నారు. 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగుతున్నాడన్న కబురు ఒక్క రోజులో దేశం చుట్టి వచ్చింది. దానికి కోర్సు చేసినవాడు ఎవడూ లేడు, ఎస్టీడీ బూత్‌లుంటే సరిపోయింది.

మా అమ్మ మాత్రం ఆ కరపత్రాన్ని చించేది కాదు, భయం. అచ్చు వేయించేదీ కాదు, డబ్బుల్లేవు. దేవుడి పటం వెనక దోపేది. అట్లా ఎన్ని మెసేజ్‌లు ఆ పటం వెనకే ఆగిపోయాయో! ఫోనులో పటం వెనక చోటు లేదు.

ఈ సూత్రాలు పనిచేయవని ఎవరన్నారు? 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయన్న మెసేజ్‌లో అవన్నీ అచ్చంగా పనిచేశాయి. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను జనం కొట్టి చంపారు. అదే పుకారు గద్వాల పల్లెల్లో తిరుగుతుంటే అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లను ఊళ్లకు పంపారు, కళాకారులతో పాటలు పాడించి ఇది అబద్ధమని ఎదురుగా నిలబడి చెప్పించారు. వాట్సాప్ ఒక మెసేజ్‌ను మన దేశంలో ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది ఆ ఏడాది జూలైలో. నిజం కన్నా అబద్ధం ట్విట్టర్‌లో జోరుగా పాకుతుందని, జనం దాన్ని ముందుకు తోసే అవకాశం 70 శాతం ఎక్కువని 'సైన్స్' పత్రికలో ఎంఐటీ పరిశోధకులు లెక్కగట్టి చెప్పిందీ 2018లోనే. ఈ ముచ్చట శిక్షణలో రాలేదు. వచ్చి ఉంటే ముందు వరుస దాన్ని కూడా చిట్కాల కిందే రాసుకునేది.

నేర్చుకున్నది నెలలోపే పరీక్షకు వచ్చింది. సెప్టెంబరు 20న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సింగరేణి కార్మికులకు 33 శాతం లాభాల వాటా ప్రకటించారు. అరగంటలో నా ఫోను నిండా 33లే. ఒకదాని చుట్టూ పూలు, ఒకదాని చుట్టూ నాయకుల ఫోటోలు, అడుగున 'మా పోరాట ఫలితం' అని యూనియన్ పేరు. అంతకు ముందేడాది 32 కదా, ఒకటి పెరిగిందని అందరూ ఖుషీ. తెల్లారేసరికి అవతలి పక్షం పోస్టరు దిగింది: ఇచ్చింది 16.9 శాతమే, కార్మికుడికి ద్రోహం!

రెండూ నిజమే, చిక్కంతా అక్కడే ఉంది. ఆ ఏడాది లాభం 4,701 కోట్లు. అందులో 2,289 కోట్లు కొత్త పెట్టుబడులకని పక్కకు తీసి, మిగిలిన 2,412 కోట్లలో 33 శాతం, అంటే 796 కోట్లు, పంచారు. మొత్తం లాభంతో పోలిస్తే అది 16.9 శాతమే. పూల పోస్టరులో ఆ 2,289 కనబడదు. ద్రోహం పోస్టరులో అంతకు ముందేడాది పంచింది 711 కోట్లేనన్న సంగతి కనబడదు. వచ్చిన రూపాయి సంతోషం కన్నా పోయిన రూపాయి బాధ పెద్దదని కానేమన్, ట్వెర్‌స్కీ 1979లో రాశారు. మనవాళ్లు పనులు పంచుకున్నారు, ఒకరు సంతోషం అమ్మారు, ఒకరు బాధ అమ్మారు. ఇంతకూ ఎవరి చేతికి ఎంత వస్తుందో మస్టర్లు చెప్తాయి గాని పోస్టర్లు చెప్పవు.

ఇదే 33ను గేట్ మీటింగులో అని ఉంటే? ఫస్ట్ షిఫ్టుకు దిగబోయే ఎవడో ఒకడు టోపీ లైటు సర్దుకుంటూ "దేంట్ల ముప్పై మూడు?" అని కేకేసేవాడు. గేట్ మీటింగుల్లో అబద్ధాలు తక్కువని నేననను, నేనూ విన్నవాణ్నే. కాకపోతే చెప్పినాయన సాయంత్రం అదే హోటల్‌లో చాయ్ తాగాలి, అడిగినవాడి పక్కనే.

ఆ పోస్టర్ల మీద కోపంతో లెక్కంతా పదకొండు వరుసల్లో టైపు చేసి గ్రూపులో పెట్టాను. రెండు దండాలు, ఒక గులాబీ పువ్వు వచ్చాయి. ఇంకొకరు "కొంచెం కుదించి పెట్టు కాకా" అన్నారు. 711 తీసేశాను. నాలుగు బొటనవేళ్లు. 2,289 తీసేశాను. తొమ్మిది. నా ఐదు వందలు యాదికొచ్చి, ఉన్నదంతా తుడిచి '33 పచ్చి అబద్ధం!! డిలీట్ చేసేలోపే చూడండి' అని పెట్టాను. 33 పచ్చి అబద్ధం కాదని నాకు తెలుసు. సగం నిజం అని రాస్తే ఎవరు నొక్కుతారు?

మూడో రోజు గోదావరిఖని నుంచి మా బామ్మర్ది అదే నాకు పంపాడు. పైన రెండు బాణాలు, చాలాసార్లు ఫార్వర్డ్ అయిందన్న ముద్ర, ఎవరో ఖద్దరు చొక్కాయన ఫోటో. కింద వాడి మాట: "చూసినవా బావా, మంచిర్యాలల ఎవడో మొనగాడు ఉన్నట్టున్నడు."