గొల్లభామా పరిణయ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: కలకత్తా ఇండియన్ మ్యూజియంలో పనిచేసిన జేమ్స్ వుడ్-మేసన్ అక్కడి గొల్లభామలకు 1889, 1891 సంవత్సరాల్లో రెండు భాగాల పట్టిక వెలువరించాడు. అంతకుముందే, 1877లో, జాన్ ఆండర్సన్ బెంగాల్ ఆసియాటిక్ సొసైటీలో వయొలిన్ ఆకారపు గొల్లభామలను ప్రాణాలతోనే ప్రదర్శించి, అవి తలకిందులుగా వేలాడుతూ పువ్వును పోలిన రూపంతో కీటకాలను మోసగించే తీరును వివరించాడు. చచ్చినవాటికి సూది గుచ్చే విద్య ఆ నగరంలో ఇంత పాతదైనా, బతికినవాటిని ఇంట పెంచేవారికి ఒక పద్యమంటూ లేదు. మూలం లేనిదే వ్యాఖ్యానం సాగదు గనుక ఆ మూలాన్ని కూడా వ్యాఖ్యాతే సమకూర్చుకోవలసి వచ్చింది.

ఆ. పొడవు గాజుగూటఁ బురుగును వేలాడఁ
జేసి యీగ లిచ్చి చిన్నదాని
కడుపు నింపి యపుడె కలుపుము మగవానిఁ
దప్పు చేసితేని తలయె పోవు

ప్రతిపదార్థం: పొడవు గాజుగూటన్ = పురుగు నిడివికి మూడింతలకు తగ్గని ఎత్తుగల గాజుపెట్టెలో; పురుగును = గొల్లభామను; వేలాడన్ చేసి = పైకప్పుకు వల బిగించి, దాన్ని పట్టుకొని వేలాడే వీలు కల్పించి; ఈగలు ఇచ్చి = పిల్లదశలో పండ్లపై ముసిరే చిన్న ఈగలను, ఎదిగాక పెద్దవాటిని మేపి; చిన్నదాని కడుపు నింపి = ఆడదానికి ఆకలి తీరేదాకా పెట్టి; అపుడె = ఆ తరువాత మాత్రమే; మగవానిన్ కలుపుము = మగపురుగును జతకూర్చుము; తప్పు చేసితేని = ఈ క్రమం తప్పితే; తలయె పోవు = ఆడది తినివేయగా మగవాని శిరస్సే పోవును.

తాత్పర్యం: వధువుకు విందు ముందు, వివాహం తరువాత.

విశేషాలు: గొల్లభామ పెరగాలంటే పాత చర్మాన్ని విడవాలి, దీన్నే కుబుసం విడవడం అంటారు. అది తలకిందులుగా వేలాడి, బరువుతో కిందికి జారుతూ పాత తొడుగులోంచి బయటపడుతుంది గనుక, కింద చోటు చాలకపోతే మెత్తని కొత్త కాళ్లు వంకరపడి అలాగే గట్టిపడిపోతాయి. అందుకే కవి తిండికన్నా ముందు ఎత్తును చెప్పాడు. ఈగల విషయంలో చేపల బజార్లున్న కలకత్తాకు కరువు లేదు గాని, పురుగుమందు తగిలిన ఈగలు ప్రమాదం గనుక అరటిపండు ముక్కతో ఇంట్లోనే పెంచుకోవడం మేలు. అక్కడి జనవరి రాత్రులకు గూటి దగ్గర వెచ్చదనమూ ఏర్పాటు చేయాలి.

‘చిన్నది’ అన్నంత మాత్రాన బాల్యవివాహమని భ్రమపడరాదు. చివరి కుబుసంతో రెక్కలు పూర్తిగా వచ్చి, మరి రెండు మూడు వారాలు గడిచినదే వివాహయోగ్య. పొట్ట అడుగున ఆరు ఖండాలు కనిపిస్తే ఆడది, ఎనిమిది కనిపిస్తే మగది.

ఇక తప్పు ఎవరిదన్న వివాదం ఉంది. వధువు క్రూరురాలనీ, వరుడు తొందరపాటు వాడనీ పూర్వపక్షం. ‘కలుపుము’ అన్న ఆజ్ఞ పెంపకందారుకు చెప్పినది కాబట్టి ‘చేసితేని’కి కర్త కూడా అతడే అన్నది సిద్ధాంతం, పస్తుంచిన ఆడదాని ముందు మగదాన్ని దింపినవాడు హంతకుడికి తోడుపడినట్టే. అయితే ‘తలయె’ అన్నాడే గాని కార్యం చెడునని కవి అనలేదు. సంగమ చలనాలను అణచి ఉంచే నాడీకేంద్రం తలలోనే ఉన్నందువల్ల, తల తెగిన మగపురుగు ఆగకపోగా మరింత పట్టుదలగా పని సాగిస్తుందని 1935లో కెన్నెత్ రోడర్ ప్రయోగపూర్వకంగా చూపాడు.

తరువాత ఆడది కొమ్మకు నురగ వంటి పదార్థం పూసి అందులో గుడ్లు పెడుతుంది. అది గట్టిపడి తిత్తి అవుతుంది. జాతిని బట్టి ఒక్కో తిత్తి నుంచి పదుల నుంచి వందల దాకా పిల్లలు వెలువడి, కలిపి ఉంచితే ఒకదాన్నొకటి తినడం మొదలుపెడతాయి. కాబట్టి ముహూర్తం పెట్టకముందే ఖాళీ సీసాలు పోగుచేసుకోవాలని పెంపకందారులకు మనవి.