ఇనుము వదలి పసిడి ఏరే యంత్రం: టీకా తాత్పర్య సహితం

అవతారిక. కోలాచల మల్లినాథసూరి మన మెదకు సీమ వాడు. కాళిదాసు కావ్యాలకు ఆయన వ్యాఖ్యలు లేకపోతే పాఠం చెప్పే పంతుళ్లలో సగం మందికి మేఘం ఏ దిక్కుకు పోతోందో తెలిసేది కాదు. ఆయనకు ఎన్నడూ రాని చిక్కు ఈ వ్యాఖ్యాతకు వచ్చింది. మల్లినాథుడికి మూలం ఉండేది. నాణేల కోసం, పాత సామాన్ల కోసం నేలను వెతికే మెటల్ డిటెక్టర్‌ను ఎలా ఎంచుకోవాలో చెప్పిన పూర్వకవి తెలుగులో లేడు. అందుచేత పద్యం కూడా వ్యాఖ్యాతే కట్టుకోవలసి వచ్చింది. సొంత పద్యానికి సొంత టీక పెద్దలు మెచ్చే పని కాదు. కాకపోతే కవిహృదయం ఏమిటో ఇంకొకరిని అడిగే బాధ తప్పింది.

సందర్భం హోసూరు. రాయకోట కొండో, కృష్ణగిరి దుర్గమో కంటికి ఆనే ఊళ్లలో పుట్టినవాళ్లు టిప్పు సుల్తాను పూడ్చిపెట్టిన కొప్పెరల కథ వినకుండా పెరగరు. ఆ కథకు ఇప్పుడు సెల్‌ఫోను తోడయింది. ఎక్కడో ఇంగ్లండులో ఎవరో పొలంలో యంత్రం ఊపుతాడు, మట్టి పెళ్లలోంచి రోమను నాణెం మెరుస్తుంది, ఇక్కడ చూసేవాడికి చెయ్యి దురద పెడుతుంది. "ఎంత లోతుకు పడుతుందన్నా?" అనేది మొదటి ప్రశ్న. "బంగారం ఒక్కటే చూపించేది ఉందా?" అనేది రెండోది. మూడోది ధర. తన నేల ఎలాంటిదో చెప్పి అడిగేవాడు అరుదు. పద్యం పుట్టింది ఆ లోటు తీర్చడానికే.

ఇనుము వదలి పసిడి యేరెడి యంత్రమ్ము
కొనెడివాడ! నేలగుణము నెఱుగు;
మోగు సోడమూత మున్నూఱు మాఱులు;
కాసు మోగునేమొ కడకు నొకటి!

తాత్పర్యం. ఇనుమును విడిచిపెట్టి బంగారాన్ని ఏరుతుందట అని యంత్రం కొనబోతున్న అయ్యా, ముందు నీ నేల సంగతి తెలుసుకో. సోడామూత మూడు వందల సార్లు మోగుతుంది. ఆఖరికి ఒక కాసు మోగితే మోగవచ్చు. (టీక ముందు, తాత్పర్యం వెనక అనేది ఆచారం. పరీక్షకు చదివేవాళ్లు ఎలాగూ తాత్పర్యమే ముందు చూస్తారు కనుక వరస తిప్పడమైనది.)

ఇక టీక. ఇనుము వదలి: యంత్రం అట్టపెట్టె మీద అన్నిటికంటే పెద్ద అక్షరాలతో అచ్చయ్యే గుణం ఇదే. కర్ర చివర పళ్లెంలా ఉండే కాయిల్‌లో రెండు తీగచుట్లు ఉంటాయి. ఒకటి సెకనుకు వేలసార్లు దిశ మార్చుకునే అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది. కింద లోహం ఉంటే అందులో సుడి విద్యుత్తు పుడుతుంది, అది తన వంతుగా ఒక చిన్న క్షేత్రాన్ని పైకి పంపుతుంది. రెండో చుట్టు దాన్ని వింటుంది. జవాబు ఎంత ఆలస్యంగా వచ్చిందో కొలిచి, అదేం లోహమో యంత్రం ఊహిస్తుంది. వెండి, రాగి ఒక రకంగా పలుకుతాయి. అయస్కాంతానికి అంటుకునే ఇనుము వేరే రకంగా పలుకుతుంది. ఆ పలుకును వినిపించకుండా నొక్కిపెట్టే మీటనే డిస్క్రిమినేషన్ అంటారు.

ఇక్కడ ఒక శంక. మేకులు, బోల్టులు, లాడాలు వినిపించకపోతే మంచిదే కదా? హోసూరు లాంటి చోట, టూవీలర్లూ లారీలూ తయారయ్యే ఊళ్లో, సిప్కాట్ పారిశ్రామికవాడ చుట్టుపక్కల నేలలో ఇనప ముక్క తగలని జానెడు జాగా దొరుకుతుందా?

సమాధానం. ఊరికి మంచిదే. జిల్లాకు మాత్రం మహాపరాధం. కృష్ణగిరి జిల్లా మయిలాడుంపారైలో తమిళనాడు పురావస్తు శాఖ 2021లో తవ్వకాలు జరిపింది. మీటరుకు మించిన లోతులో, ఇనుము వాడిన మనుషుల పొరల్లోంచి తీసిన నమూనాల కాలం లెక్కగడితే ఒకటి క్రీస్తుపూర్వం 1615కు, ఇంకొకటి క్రీస్తుపూర్వం 2172కు తేలింది. 2022 మే నెలలో ముఖ్యమంత్రి స్టాలిన్ ఈ సంగతిని శాసనసభలో ప్రకటించారు. నాలుగు వేల రెండు వందల ఏళ్ల కిందటి ఇనుమన్న మాట. ఆ తర్వాత తూత్తుకుడి వైపు శివగళై తేదీలు దీన్ని కూడా దాటేశాయి, అది వేరే సంగతి. ఈ సీమకు చరిత్రలో పేరు తెచ్చిపెట్టింది బంగారం కాదు, తుప్పు పట్టిన ఇనుము. అలాంటి నేల మీద ఇనుము వినిపిస్తే నోరు మూసుకునే యంత్రాన్ని ఊపడం కంటే చెవుల్లో దూది పెట్టుకుని కచేరీకి పోవడం నయం.

టిప్పు పేరు చెప్పుకుని తవ్వేవాళ్లకు ఇంకొక మాట. 2018లో కర్ణాటకలో శివమొగ్గ జిల్లా నగర దగ్గర ఒక పాడుబావిలో వెయ్యికి పైగా మైసూరు రాకెట్లు బయటపడ్డాయి. అవి ఇనప గొట్టాలు. డిస్క్రిమినేషన్ మీట నొక్కి ఆ బావి గట్టున రోజంతా తిరిగినా యంత్రం వాటి ఊసు ఎత్తకపోవచ్చు. మేకు పక్కనే కాసు పడి ఉంటే మేకుతో పాటు కాసు కూడా మూగబోతుందనేది ఈ విద్యలో తెలిసినవాళ్లంతా చెప్పే మాట.

ఇనుము వెతికితే పసిడి దొరికిన దృష్టాంతం కూడా ఉంది. 1992 నవంబరులో ఇంగ్లండులో హాక్స్‌న్ అనే పల్లెలో ఒక రైతు పొలంలో సుత్తి పోగొట్టుకున్నాడు. వెతికిపెట్టమని డిటెక్టర్ ఉన్న స్నేహితుణ్ణి అడిగాడు. ఆయనకు రోమనుల కాలపు బంగారు, వెండి నాణేలు సుమారు 15 వేలున్న నిక్షేపం తగిలింది. ఆయన మొత్తం తవ్వి ఇంటికి మోసుకుపోలేదు, కబురు పెట్టాడు. పురావస్తు శాస్త్రజ్ఞులు వచ్చి పొర పొరగా తీశారు. సుత్తి కూడా దొరికింది. అదీ బ్రిటిష్ మ్యూజియానికే చేరింది.

పాఠాంతరం. "ఇనుము విడక" అని మరొక పాఠం. ఛందస్సు చెడదు, రెండూ నగణాలే. కృష్ణగిరి, రాయకోట, ఊత్తంగరై వాళ్లు ఈ పాఠాన్నే గ్రహించాలి. కొనేటప్పుడు అడగవలసింది ఇనుమును పూర్తిగా నొక్కే యంత్రం కాదు, ఇనుముకు ఒక గొంతు, తక్కిన లోహాలకు వేరే గొంతు ఇచ్చే యంత్రం. ఏ లోహాన్నీ నొక్కని ఆల్ మెటల్ అనే మీట ఉందా, ఆ మీట మీద ఉన్నప్పుడు కూడా తెర మీద లోహం రకం తెలిపే అంకె చూపిస్తుందా అని చూసుకోవాలి.

పసిడి యేరెడి: ఇది అతిశయోక్త్యలంకారం. బంగారాన్ని బంగారంగా గుర్తుపట్టే డిటెక్టర్ లోకంలో లేదు. యంత్రానికి తెలిసేది ముఖ్యంగా వస్తువు ఎంత బాగా కరెంటును పారిస్తుంది, ఎంత సైజులో ఉంది అనేవే. చిన్న కమ్మ, ముక్కుపుడక, మాత్రల అట్ట వెనకాల రేకు ముక్క ఇంచుమించు ఒకే అంకె దగ్గర పలుకుతాయి. రేకు బాధ పడలేక ఆ అంకెలు నొక్కేసినవాడు కమ్మను కూడా నొక్కేసినట్టే. ఇంకో చిత్రం: 1992 నుంచి మన రూపాయి బిళ్ల అయస్కాంతానికి అంటుకునే రకం స్టెయిన్‌లెస్ స్టీలు. రిజర్వు బ్యాంకు దాన్ని నాణెం అన్నా, డిటెక్టర్ ఇనుమనే అనుకోవచ్చు.

కిలోమీటరు దూరం నుంచి బంగారం చూపిస్తామంటూ యాంటెనా పుల్లలతో అమ్మే పెట్టెల గురించి టీక అక్కర్లేదు. కావాలంటే చరిత్ర ఉంది. ఏడీఈ 651 పేరుతో ఇరాకుకు బాంబులు పట్టే యంత్రాలని అమ్మిన పెట్టెల్లో పనిచేసే సరుకే లేదు. అమ్మిన ఆంగ్లేయుడికి 2013లో పదేళ్ల జైలు పడింది. బియ్యాన్ని లాగే చెంబు అమ్మే రైస్ పుల్లింగ్ ముఠాలకూ ఈ పెట్టెలవాళ్లకూ గోత్రం ఒకటే.

యంత్రమ్ము: జాతులు ముఖ్యంగా మూడు. ఒకే పౌనఃపున్యం మీద నడిచేది, ఒకేసారి పలు పౌనఃపున్యాలు వాడేది, పల్స్ ఇండక్షన్. మొదటి దానికి ఉదాహరణ గారెట్ ఏస్ 300. దాని పలుకు 8 కిలోహెర్ట్జ్. తక్కువ పౌనఃపున్యం పెద్ద వెండి రూపాయలకు, ఎక్కువది సన్నని బంగారానికి అనువు. 2018లో వచ్చిన మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ రెండో జాతిది, ఈ బాధను చాలావరకు తప్పించింది. మూడోది మొండి నేలల్లో లోతుకు పోతుంది గానీ ఇనుమునూ వెండినీ వేరు చేయడంలో మందం. కాయిల్ పెద్దదైతే లోతు పెరుగుతుంది, పక్కపక్కనున్న రెండు వస్తువులను విడదీసి చెప్పే తెలివి తగ్గుతుంది. లోతు విషయంలో ఆశ పనికిరాదు. రూపాయంత నాణెం జానెడు లోతులో దొరికితే సంతోషించాలి. పది అడుగులని ఎవరైనా చెబితే ఆ కొట్టు మెట్లు దిగడం మేలు.

నేలగుణము: పద్యానికి ఆయువుపట్టు ఇదే. హోసూరు, కృష్ణగిరి సీమలో ఎర్రమన్ను విస్తారం. ఎరుపు ఇనప ఆక్సైడుది. యంత్రానికి ఈ మన్ను మొత్తం ఒక పలచని లోహంలాగే వినిపిస్తుంది. నల్లరాతి గుండు ఒక్కటి చాలు, నిధి ఉన్నట్టే కూస్తుంది. అందుకే గ్రౌండ్ బ్యాలెన్స్ అనే సర్దుబాటు. లోహం లేని చోట నిలబడి కాయిల్‌ను నేల దగ్గరికి, పైకి, మళ్లీ దగ్గరికి ఆడిస్తూ గుయ్యిమనే శబ్దం అణగేదాకా మీట తిప్పాలి. చవక యంత్రాల్లో దీన్ని ఫ్యాక్టరీలోనే బిగించి పంపుతారు. ఇసుక నేలవాడికి అది సరిపోవచ్చు. రాగిచేను, చెనక్కాయల చేను ఉన్న ఇక్కడివాడు మాత్రం చేత్తో సర్దుకునే వీలున్నదే కొనాలి. డబ్బు పెట్టదగింది తెర మీద రంగులకు కాదు, దీనికి.

వెతికే చోటే యంత్రాన్ని మోసం చేయడం కొత్త కాదు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లో దిగిన తూటాను వెతకడానికి టెలిఫోన్ కనిపెట్టిన బెల్ తన యంత్రం పట్టుకుని వచ్చాడు. తూటా జాడ దొరకలేదు. పరుపు కింద ఉక్కు స్ప్రింగులున్న సంగతి తర్వాత బయటపడింది.

మోగు సోడమూత మున్నూఱు మాఱులు: అనుభవైకవేద్యం. ఆదివారం పొద్దున చెరువుగట్టు దగ్గర కాయిల్ ఊపుతూ పోతుంటే చెవిలో తియ్యగా ఒక కూత. కాయిల్ అడ్డంగా, నిలువుగా ఊపి చోటు పట్టాలి. మోకాళ్ల మీద కూచుని తాపీతో గడ్డిపెళ్ల మడిచినట్టు తీయాలి. చేతిలో పట్టే పిన్‌పాయింటర్ గుంటలో దూర్చితే అది వణుకుతుంది. మట్టి నలిపితే అంచు చుట్టూ పళ్లున్న బిళ్ల. సోడామూత ఉక్కు రేకే. అయినా పలచగా, గుండ్రంగా ఉండడం వల్ల ఇనుము వదిలే యంత్రాన్ని సైతం నాణెం వేషంలో దాటేస్తుంది. బాణపు మొనను వదిలేసి సోడామూతను పట్టుకొచ్చే ఈ వివేకానికే కొనేవాడు వేలకు వేలు పోస్తున్నాడు. గోలీసోడాకు ఈ దోషం లేదు.

సర్కారు చేసినా ఫలితం ఇంతే. 2013లో ఉత్తరప్రదేశ్‌లోని దౌండియాఖేడాలో ఒక స్వామి కలను పట్టుకుని వెయ్యి టన్నుల బంగారం కోసం తవ్వారు, బంగారం దొరకలేదు. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో అనుమతితోనే నిధి తవ్వకం సాగింది. వార్తలకెక్కింది ఎముకలూ ఇటుకలూ.

కాసు: ఇక్కడ ఏ కాసు? 1791లో రాయకోట ఇంగ్లీషు కంపెనీ వశమైంది. అదే ఏడు నవంబరులో కంపెనీ సేనాని మాక్స్‌వెల్ కృష్ణగిరి మీదికి వచ్చి పేట పట్టుకున్నాడు గానీ పైకోట ఎక్కలేకపోయాడు. టిప్పుతో 1792లో కుదిరిన సంధితో కృష్ణగిరి ఉన్న బారామహల్ సీమ కంపెనీ చేతికి పోయింది, రీడ్ దొర, ఆయన కింద మన్రో దొర పన్నులు నిర్ణయించారు. కనుక ఇక్కడ ఊహించదగినవి మైసూరు రాగి కాసులు, కంపెనీ కాసులు. టిప్పు రాగి నాణెం మీద ఏనుగు ఉంటుంది. ఆయన పెట్టిన మౌలూదీ శకం నాణేల మీద సంవత్సరం అంకెలను కుడి నుంచి ఎడమకు చదవాలి. దొరికినదాన్ని చింతపండు వేసి తోమితే ఏనుగు తొండం అరిగిపోతుంది, తోమకూడదు.

కొనెడివాడ: సంబోధన. వీడు ఎవడన్నది ముఖ్యం. చేలో కమ్మ పారేసుకున్న ఇల్లాలి మొగుడైతే, తన చేలోనే వెతుక్కునేవాడైతే, నిక్షేపంగా కొనుక్కోవచ్చు. కోట వైపు చూసేవాడైతే ఆగాలి. కృష్ణగిరి కోట, రాయకోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధం, ఆపైన 200 మీటర్లు నియంత్రితం. ఈ జిల్లాలోనే మల్లచంద్రంలో ఉన్న వేల ఏళ్ల నాటి రాతిగూళ్ల దగ్గర గుంట తీయడమంటే మయిలాడుంపారైలో కాలం తేల్చిన పొర లాంటిదాన్ని పారతో కలిపేయడమే. పొర చెదిరాక దొరికిన ఇనుము పాతసామాను కొట్టుకు తప్ప పనికిరాదు.

కడకు నొకటి: ఆ ఒకటి దొరికిందే అనుకుందాం. అప్పుడు పట్టుకోవలసింది 1878 నాటి గుప్తనిధుల చట్టం.  నేలలో దాగి ఉన్న విలువైన వస్తువు ఏదైనా ఈ చట్టానికి నిధే. దాని విలువ పది రూపాయలు మించితే ఏం దొరికింది, ఎక్కడ, ఎప్పుడు అని కలెక్టరుకు రాతమూలకంగా తెలపాలి, వస్తువును దగ్గరి ఖజానాలో జమచేయాలి లేదా పూచీ ఇవ్వాలి. ఆ పది రూపాయలు 1878లో పెట్టినవే. చెప్పకుండా దాచితే తన వాటా పోతుంది, ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. చెబితే ప్రకటన వేస్తారు, హక్కుదారులకు నాలుగు నెలలకు తక్కువ కాని గడువిస్తారు. ఎవరూ రాకపోతే, నేల పరాయివాడిదైతే, దొరికినవాడికి ముప్పాతిక, నేలగలవాడికి పాతిక. సర్కారు తానే ఉంచుకోదలిస్తే ధర కట్టే పద్ధతి కూడా చట్టంలోనే ఉంది: వస్తువులోని లోహం విలువ ఎంతో అంత, దాని మీద అయిదో వంతు. ఏనుగు బొమ్మకు విడిగా ఏమీ రాదు.