రేకుల షెడ్డు పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

కొలిచెలమ మల్లినాథసూరి మూలంలో లేనిది ఒక్క ముక్క కూడా రాయనని నియమం పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్యానం చెప్పాడు. ఆయనకు మూలం సిద్ధంగా దొరికింది. నంద్యాలలో ఇంటి పక్క రేకుల షెడ్డు ఎలా సర్దుకోవాలో కాళిదాసు ఎక్కడా చెప్పలేదు గనక మూలం కూడా నేనే రాసుకున్నాను. కవీ, టీకాకారుడూ ఒకడే అయితే కవిహృదయం సులువుగా చిక్కుతుందని నేనూ అనుకున్నాను.

సందర్భం ఇది. షెడ్డు కట్టింది కారు కోసం. కారు వీధిలో వేపచెట్టు కింద ఉంటుంది. షెడ్డులో ఉన్నవి కాలిపోయిన నీళ్ల మోటారు, సగం సగం మిగిలిన పెయింటు డబ్బాలు, గడ్డి ఊడిన కూలరు, మూడు సైకిల్ టైర్లు. ఇవి కాక ఆళ్లగడ్డ పక్క పల్లెలో పాత మట్టిమిద్దె పడగొట్టినప్పుడు నేను తెచ్చిన గొర్రు, విత్తనాలు పోసే దాని జడ్డిగం, రెండు దంతెలు.

మూలము (ఆటవెలది)

అటకమీద నుంచు మక్కఱ లేనివి
బల్లమీద నుంచు పనికివచ్చు
వాని, నేల నుంచ వానలో మునుఁగును
నందియాలవాసి! నమ్ము మాట!

ప్రతిపదార్థము

నందియాలవాసి = నంద్యాలలో కాపురమున్నవాడా; అక్కఱ లేనివి = ఈ ఏడు చేయి పెట్టని సామాన్లను; అటకమీదన్ = తలకు పైన కట్టిన చోట; ఉంచుము = నిచ్చెన వేసి పెట్టుము; పనికివచ్చువాని = పానాలు, పట్టకారు, సుత్తి, రంపం మొదలైనవాటిని; బల్లమీదన్ = నడుమెత్తు బండమీద; ఉంచు = పెట్టుము; నేలన్ = గచ్చుమీద; ఉంచన్ = పెట్టినచో; వానలో = కుందూ, మద్దిలేరు పొంగిన దినాన; మునుఁగును = నీటిపాలగును; మాట = ఇంటావిడ చెప్పిన మాటను; నమ్ము = మారు పలకక నమ్ముము.

అటక అన్నచోట కొంత చెప్పాలి. పాత మిద్దెల్లో దూలాల కింద చెక్కలు పరిస్తే అటక. సిమెంటు ఇళ్లలో అది సజ్జ. రేకుల షెడ్డుకు అటకంటూ పుట్టుకతో ఉండదు, కల్పించుకోవాలి. ఇక్కడే చాలామంది అపార్థం చేసుకుంటారు. పైన రేకుల్ని మోసే ఇనుప పైపులు కనబడగానే వాటికి తాళ్లు కట్టి సామాను వేలాడదీస్తారు. ఆ పైపులకు రేకుల బరువు మోయడానికి, గాలి తోపుడుకు ఆగడానికి మాత్రమే సత్తువ ఉంటుంది. మీ మోటారును మొయ్యమని వాటికెవరూ చెప్పలేదు. గోడ నుంచి గోడకు యాంగ్లర్లు వేయించి, కొసలు గోడలోకి దిగేసి, పైన మందపాటి ప్లైవుడ్డు పరిచినదే శాస్త్రసమ్మతమైన అటక. బరువైనవి గోడ దగ్గరికి, తేలికైనవి నడిమికి.

రాయలసీమలో దాచుకోవడం ఒకప్పుడు పైకి కాదు, కిందికి. జొన్నలు పాతరలో పోసి, నోరు మూసి, మట్టి కప్పి, కరువుకాలానికి ఉంచుకునేవాళ్లు. పెరుగుచట్టి పిల్లికి అందకుండా ఉట్టికెక్కేది. విలువ తెలిసినవాటికి ఇలా తలా ఒక చోటు ఉండేది. అటకకు ఎక్కింది ఎప్పుడూ విలువ తేలని సామానే. ఉంచుకోవాలో పారేయాలో తేల్చలేక వాయిదా వేసిన తీర్పులన్నీ పైన దుమ్ము పట్టి కూర్చున్నాయి.

అన్వయము

గొడవంతా ఇక్కడే. రెండో పాదం చివర ఆగి చదవండి. “బల్లమీద నుంచు, పనికివచ్చు.” వాక్యం పూర్తయింది. అర్థమూ పూర్తయింది. బల్లమీద పెట్టు, ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది. ఇంకొంచెం సాహసించి మొదటి పాదంలోని “అక్కఱ లేనివి” కూడా ఇటే లాక్కోవచ్చు. అక్కర లేనివాటిని బల్లమీద ఉంచు, పనికొస్తాయి! కవిగా నేను ఉద్దేశించింది ఇది కాదు. షెడ్డు యజమానిగా నాకు బాగా నచ్చింది మాత్రం ఇదే.

ఇంటావిడ పాదం చివర ఆగదు. మూడో పాదంలోకి అడుగేసి “వాని” అనే రెండక్షరాలు తెచ్చి “పనికివచ్చువాని” అని అతికిస్తుంది. పనికొచ్చేవాటిని మాత్రమే బల్లమీద పెట్టాలని ఆవిడ సిద్ధాంతం.

“ఈ జడ్డిగం యాడ పెట్టాలయ్యా?”

“బల్లమింద పెట్టు మే, ఎప్పుడన్నా పనికొస్తాది.”

“ఎద్దులు ల్యా, చేను ల్యా, దేనికి పనికొస్తాది?”

ఇలాంటి చోట నంద్యాలవాడికి అండగా నిలవాల్సిన కవి పింగళి సూరన. 16వ శతాబ్దంలో కళాపూర్ణోదయాన్ని నంద్యాల కృష్ణమరాజుకు అంకితమిచ్చిన ఆయన, రాఘవపాండవీయంలో ప్రతి పద్యానికీ రామాయణార్థం ఒకటి, భారతార్థం ఒకటి పలికించాడు. ఒకే పదాన్ని ఒకచోట విరిస్తే రాముడు, మరోచోట విరిస్తే పాండవులు. మా షెడ్డులో ప్రతి వస్తువూ అలాంటి ద్వ్యర్థి కావ్యమే. కాలిపోయిన మోటారు నాకు రాగితీగ, ఆవిడకు పాత ఇనుము. సూరనకున్న సౌకర్యం, ఆయన రెండర్థాల్లో దేన్నీ అటకెక్కించనక్కర్లేదు.

బల్ల అను శబ్దమునకు విశేషార్థము

మన వడ్రంగులు నేలమీద కూర్చుని, చెక్కను కాలితో అదిమిపట్టి చిత్రిక పట్టేవాళ్లు. నిలబడి చేసే పనికి బల్ల కావాలి. మా బల్ల చెక్క కాదు, బేతంచెర్ల బండ. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అంగుళం మందం ఉన్న బండ యాభై కిలోల దాకా తూగుతుంది. కదలదు, చెదపట్టదు, నూనె ఒలికినా తుడిస్తే పోతుంది. ఎత్తు మాత్రం ఎవరి ఒంటికి వాళ్లు చూసుకోవాలి. చేతులు వదిలేసి నిలబడితే మణికట్టు ఎక్కడికొస్తుందో అక్కడికి బల్ల. వైసు బిగిస్తే దాని దవడలు మోచేతి ఎత్తుకు రావాలి. అంతకన్నా కిందుంటే ఆకురాయి పట్టినవాడికి నడుము పడిపోతుంది.

బండకు ఒక గుణం ఉంది. ఎంత నొక్కినా ఓర్చుకుంటుంది గానీ వంగమంటే విరుగుతుంది. ఆళ్లగడ్డ నుంచి అహోబిలం వెళ్లి అక్కడి మండపాల్లో స్తంభాలు అంత దగ్గర దగ్గరగా ఎందుకు నిలబెట్టారో చూడండి. పైన రాతిదూలం పొడుగైన కొద్దీ దాని అడుగుభాగం సాగలేక చీలుతుంది, అందుకే. కాబట్టి బల్ల కింద రెండడుగులకొక ఇటుక దిమ్మె తప్పదు. సుత్తిదెబ్బ తినే చోట బండమీద చెక్కదిమ్మ వేసుకోవాలి.

పూర్వపక్షము

మూడో పాదం మీద మా బావ ఆక్షేపణ. ఇంటావిడకు అన్న, ఉండేది ఆళ్లగడ్డలో. “మా ఊర్లో దేవుని విగ్రహాలే రోడ్డు పక్కన నేలమింద తడుస్తాండాయి బావా, ఏమైంది వాటికి?” అంటాడు. నిజమే. ఆళ్లగడ్డ శిల్పులకు నేలే బల్ల. రాయి దగ్గరికే వాళ్లు పోతారు. రాయిని ఎత్తి బల్లమీద పెట్టేదెవరు?

సమాధానం ఏమంటే, తడిస్తే రాతికి ఏమీ కాదు, ఉలికి అవుతుంది. విగ్రహాన్ని వానలో వదిలేసే శిల్పి ఉలుల్ని వదలడు. పైగా ఇది ఆళ్లగడ్డకు కాదు, నంద్యాలకు రాసిన పద్యం. 2019 సెప్టెంబరు వానలకు మహానంది ఆలయంలోకే నీళ్లొచ్చాయి. కుందూ, మద్దిలేరు పొంగితే పట్టణంలో పల్లపు వీధులు ఏమవుతాయో అక్కడివాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. గచ్చుమీద పెట్టిన డ్రిల్లింగ్ మిషను అలాంటి ఒక్క రాత్రికి పోతుంది.

దోషవిచారము

పద్యంలో ఒక లోపం ఉంది. అటకమీద ఏది పెట్టకూడదో చెప్పలేదు. నంద్యాల మే నెల ఎండకు రేకు కింది అటక వంటయింటి పొయ్యికన్నా ఘోరం. పెయింటు, థిన్నరు, పెట్రోలు, పాత బ్యాటరీ అక్కడ చేరితే ఆవిరి పడుతుంది, డబ్బా ఉబ్బుతుంది, పక్కన నిప్పురవ్వ పడితే రౌద్రరసమే. అవి నీడపట్టున, గాలి ఆడే చోట, కిందినుంచి రెండో అరలో, పిల్లలకందకుండా తాళం వేసి ఉంచాలి. ఆటవెలదిలో ఇంత ఇమడదు. సీసం రాసి ఉండాల్సింది.

పాఠాంతరములు

నాలుగో పాదం ఆళ్లగడ్డ ప్రతిలో “ఆళ్లగడ్డవాసి! యాలకించు!” అని ఉంది. బావే మార్చాడు. గణాలు సరిపోయాయి, యతి కుదిరింది, కాదనలేం.

రెండో పాదానిదే అసలు చిక్కు. కడపలో బ్రౌను దొర బంగళాలో పండితులు తాటాకు ప్రతులు ముందేసుకుని పాఠాలు సరిచూసినట్టు, మేమూ రెండు ప్రతులు దగ్గర పెట్టుకున్నాం. ఇంటావిడ ప్రతిలో పాదం ఇలా ఉంది:

బల్లమీద నుంచ వలదు వలదు

ఐదూ సూర్యగణాలే. బ-వ యతి చెల్లుతుంది. అన్నిటికంటే దెబ్బ, మూడో పాదంలోని “వాని” ఇప్పుడు వెనక్కి పోయి “అక్కఱ లేనివి”ని పట్టుకుంటుంది. అక్కర లేనివి అటకమీద పెట్టు, బల్లమీద వాటిని వద్దు వద్దు. నేను ఆగి చదువుకున్న చోటు మాయమైపోయింది. “పనికివచ్చు” అనే మాట పద్యంలోనే లేదు.

సులువైన పాఠం తర్వాతివాళ్లు దిద్దింది అయ్యుంటుందనీ, క్లిష్టమైనదే కవి పాఠమనీ పరిష్కర్తల సూత్రం ఒకటుంది. అది ఎత్తి చూపాను. ఆవిడ అప్పటికే తన పాఠాన్ని మిగిలిపోయిన నీలం పెయింటుతో బల్ల పైగోడ మీద రాయించింది. పెయింటు పనికొచ్చింది గదా అని నేనన్నాను. నిచ్చెన పట్టుకొమ్మంది, జడ్డిగం నా చేతిలో పెట్టి.