పాత టవరు పెద్దమనిషి

వైటూకే అనే ముద్దుపేరుతో ప్రసిద్ధమైన కంప్యూటర్ తేదీల గండాన్ని తప్పించడానికి 1990ల చివర అమెరికా చేరి, టెక్సస్‌లోని ప్లేనో, ఇర్వింగ్ ప్రాంతాల్లో ఇల్లూ వాకిలీ ఏర్పరచుకున్న తెలుగు ఇంజనీర్లలో ఒక ప్రత్యేక తెగ ఉంది. ఈ తెగవారిని గుర్తుపట్టడానికి ఇంట్లోకి వెళ్లనక్కరలేదు. శనివారం ఉదయం గరాజ్ తలుపు ఎత్తి ఉండి, సోనామసూరి బస్తాలకూ గడ్డికోత యంత్రానికీ నడుమ, పక్క రేకు విప్పేసిన పాత డెస్క్‌టాప్ టవరు ముందు ఒక మనిషి నోట్లో స్క్రూలు పెట్టుకుని కూర్చుని ఉంటే, ఆయనే.

ఆఫీసులో ఈయన వందలకొద్దీ క్లౌడ్ సర్వర్లను చూసుకునే అధికారి. ఇంట్లో ఆయన పరువంతా ఒక డీవీడీ డ్రైవు మీద ఆధారపడి ఉంటుంది. విజయవాడలో జరిగిన పెళ్లి వీడియో ఒకే ఒక్క డిస్కులో ఉండగా, దాన్ని లోపల పెడితే డ్రైవు గుర్రుమని తిరిగి, కాసేపు ఆలోచించి, డిస్కు పెట్టమని అడుగుతుంది.

చికిత్సకు ఒక క్రమం ఉంది. డిస్కును మోసుకొచ్చే పళ్లెం, అనగా ట్రే, పిలవని పేరంటానికి వచ్చినట్టు గడప దాకా వచ్చి వెనుదిరిగితే, ముందువైపున్న సన్నటి రంధ్రంలో తిన్నగా సాగదీసిన పేపర్ క్లిప్పును గుచ్చి దాన్ని బయటికి లాగి, లోపలి రబ్బరు బెల్టు వదులైందని తేల్చి, ఆ సంగతిని భార్యకు గంభీరంగా నివేదిస్తాడు. విండోస్ పరికరాల జాబితాలో పసుపు గుర్తూ, కోడ్ 19 అనే ఫిర్యాదూ కనిపిస్తే, ఎప్పుడో తీసేసిన డిస్కులు రాసే సాఫ్ట్‌వేర్ రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన అమరికలన్నీ దాచుకునే దస్త్రంలో, అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్ అనే పద్దులు వదిలిపోయి ఉండవచ్చని వాటిని చెరిపేస్తాడు. సీడీని 780 నానోమీటర్ల పరారుణ లేజరూ, డీవీడీని 650 నానోమీటర్ల ఎర్ర లేజరూ చదువుతాయి గనుక, ఘంటసాల భగవద్గీత చక్కగా వినిపించి పెళ్లి మాత్రం మొరాయిస్తే, జబ్బు ఎర్ర లేజరుకే వచ్చిందని ఊహించడం శాస్త్రసమ్మతమే. ఈ పరీక్ష వల్ల ఆ వీధిలో గీత మొదటి శ్లోకం అందరికీ కంఠస్థమైంది.

ప్రాంతీయ సంకేతం మరో చిక్కు. సినిమా డిస్కులకు అమెరికాది 1, భారతదేశానిది 5. డ్రైవు తన ప్రాంతాన్ని 5 సార్లు మాత్రమే మార్చుకోగలదు. నాలుగు అటూ ఇటూ ఖర్చయిపోగా, మిగిలిన ఒక్కదాన్ని ఆయన ఆడపిల్ల పెళ్లికి దాచిన బంగారం కన్నా భద్రంగా కాపాడుతున్నాడు.

యూఎస్‌బీతో తగిలించుకునే కొత్త డ్రైవు కొంటే పోతుంది కదా నాన్నా అని పిల్లలు అంటే, పాతది ఎందుకు చెడిందో తెలియకుండా కొత్తది కొనడం తన వంశంలో లేదంటాడు. 2021 ఫిబ్రవరిలో ఫ్రైస్ ఎలక్ట్రానిక్స్ దుకాణాలన్నీ ఒక్కసారిగా మూతపడినప్పుడు ఆయనకు రెండు రోజులు అన్నం సయించలేదు. చివరికి రోగం కనిపెట్టింది భార్య: డిస్కు మీద స్టూడియోవాళ్లు అంటించిన వధూవరుల ఫొటో కాగితం ఒక పక్క ఉబ్బింది, దాంతో తూకం తప్పిన డిస్కు వేగంగా తిరిగేటప్పుడు ఊగుతోంది.

“అయితే డ్రైవు బాగానే ఉందన్నమాట, ఇక బిగించెయ్యండి” అందామె. డీవీడీ అంటే 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండింటిని అతికించి చేసిన వస్తువనీ, కాగితం లాగితే అవి విడిపోవచ్చనీ, ముందు దానికో పద్ధతి ఆలోచించాలనీ చెప్పి, ఆయన పై శనివారానికి పని రాసుకున్నాడు.