పాతికేళ్లు ఆలస్యం

మా బావమరిది కాకినాడలో ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచాడు. ముహూర్తం శుక్రవారం. మామూలు మనిషైతే గురువారం పొద్దున్నే హైదరాబాదులో కారెక్కి సాయంత్రానికి చేరతాడు. నేను బుధవారం మధ్యాహ్నమే బయల్దేరదామన్నాను. అత్తారింటి మీద ఈయనకి ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందా అని మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. అసలు సంగతి నా ఫోన్లో ఉంది. విజయవాడ మొదలు కాకినాడ దాకా ఏ ఊళ్లో ఏం తినాలో రాసుకున్న జాబితా అది. మొత్తం పదిహేడు పేర్లు. రెండు నెలల పాటు వీడియోలు చూసి, రివ్యూలు చదివి తయారుచేశాను. పదో తరగతి పరీక్షలకి ఇందులో సగం చదివినా ఈపాటికి ఐఏఎస్ అయ్యేవాణ్ణి.

ఆ రివ్యూల తీరే వేరు. ఒకాయన "ఇడ్లీ అమృతం, కారు పెట్టుకోడానికి చోటు లేదు" అని ఒక్క చుక్క ఇస్తాడు. ఇంకొకాయన "ఇంకా వెళ్లలేదు, బాగుంటుందని మా తోడల్లుడు చెప్పాడు" అని అయిదు చుక్కలూ ఇచ్చేస్తాడు. ఈ ఇద్దరినీ కలిపి సగటు తీస్తారు. ఆ సగటుని నమ్ముకుని మనం పెట్రోలు పోయించుకుంటాం.

మా ఆవిడ మాత్రం నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్‌లో పులిహోర, దద్దోజనం, ఆవకాయ సర్దింది.

"ఎందుకే ఇదంతా? దారిలో పదిహేడు హోటళ్లున్నాయి" అన్నాను.

"అందుకేనండీ" అంది.

రాత్రి విజయవాడలో దిగి, గురువారం పొద్దున్నే గాంధీనగర్లో బాబాయ్ హోటల్‌కి వెళ్లాం. 1942 నాటి హోటలు. వేడి ఇడ్లీ మీద వెన్నపూస ముద్ద, పక్కన కారప్పొడి. వెన్న కరిగి, ఇడ్లీలోకి దిగి, పొడిని తడిపి, అప్పుడు నోట్లోకి రావాలి. ఆ కరిగే అర నిమిషం ఆగడమే కష్టం. ఆగినందుకు ఫలితం దక్కింది. అక్కడితో లేచి కాకినాడ రోడ్డెక్కితే ఈ వ్యాసం ఉండేది కాదు. కానీ జాబితాలో రెండో నంబరు పెసరట్టుకి పేరుమోసిన ఇంకో హోటలు.

"ఇప్పుడేగా తిన్నాం?" అంది మా ఆవిడ.

"ఇందాకటిది ఆకలికి. ఇది జాబితాకి."

రెండో హోటల్లో బల్లలన్నీ నిండిపోయి ఉన్నాయి. పేరున్న హోటల్లో చోటు కావాలంటే తింటున్నవాడి కుర్చీ వెనక నిలబడాలి. దానికో శాస్త్రం ఉంది. ప్లేటులో చట్నీ అడుగంటిన మనిషిని వెతుక్కోవాలి. మరీ దగ్గరగా నిలబడితే మన ఊపిరి ఆయన మెడకి తగులుతుంది, దూరంగా నిలబడితే వేరేవాడు మధ్యలో దూరతాడు. కుర్చీ వీపు మీద రెండు వేళ్లు ఆనించాలి. అది రిజిస్ట్రేషన్. నేను ఒక పెద్దాయన్ని ఎంచుకున్నాను. తెల్ల పంచె, జేబులో కళ్లజోడు. పెసరట్టు ఆఖరి ముక్కని అల్లప్పచ్చడిలో అద్ది, ప్లేటంతా ఒకసారి తిప్పి, నెమ్మదిగా నోట్లో పెట్టుకున్నారు. హమ్మయ్య అనుకున్నాను. ఆయన వెనక్కి తిరిగి నా వేళ్ల వంక చూసి, సర్వర్ని పిలిచి, "బాబూ, ఒక కాఫీ" అన్నారు. కాఫీ వచ్చింది. గ్లాసులోంచి గిన్నెలోకి, గిన్నెలోంచి గ్లాసులోకి తిరగబోస్తూ నన్ను పలకరించారు.

"ఏ ఊరండీ?"

"హైదరాబాదండి. ఇక్కడి పెసరట్టు కోసమే వచ్చాం."

"అయ్యో, ఆలస్యంగా వచ్చారే!"

"ఏడున్నరేగా అయింది?"

"ఆ ఆలస్యం కాదండీ. పాతికేళ్లు ఆలస్యం. పాత మాస్టరు ఉన్నప్పుడు తినాలి పెసరట్టు! ఇప్పుడేముంది?"

"మరి మీరు..."

"నేనా? నలభై ఏళ్లుగా రోజూ ఇక్కడే" అని లేచారు. ప్లేటు అద్దంలా ఉంది.

నేను తిన్న పెసరట్టు అంచులు కరకరలాడుతూ, లోపల ఉప్మా మెత్తగా, నిజానికి చాలా బాగుంది. అయినా ప్రతి ముక్కకీ ఎప్పుడో వెళ్లిపోయిన ఆ మాస్టరు గుర్తొచ్చాడు. నేనెన్నడూ చూడని మనిషి నా టిఫిను సగం తినేశాడు.

రావులపాలెం దగ్గర హైవే దిగి అంబాజీపేట చేరేసరికి ఒంటిగంట. అక్కడ పొట్టిక్కలు తినాలి. పనసాకుల్ని పుల్లలతో గుచ్చి బుట్టలా కుట్టి, అందులో పిండి పోసి ఆవిరికి ఉడికిస్తారు. ఆకు వాసన పిండికి పడుతుంది. నాకు ఆ వాసన కూడా దక్కలేదు.

"పొట్టిక్కలు పొద్దుటి టిఫినండి. తొమ్మిదికే అయిపోయినయ్యండి. రేపు ఆరున్నరకల్లా వచ్చెయ్యండి" అన్నాడు హోటలాయన, నేను పక్క వీధిలో ఉంటున్నట్టు.

కాలవ గట్టున, కొబ్బరిచెట్ల నీడలో కారాపి క్యారియర్ విప్పాం. మా ఆవిడ ఒక్క మాట అనలేదు. పులిహోర వడ్డిస్తూ రెండో గరిటె కొంచెం గట్టిగా వేసింది, అంతే. సైకిల్ మీద వెళ్తున్న ఒకాయన ఆగి, మా సంగతి విని, బోలెడు జాలి పడ్డాడు.

"పొట్టిక్కల కోసవాండీ? దొరక్కపోతే పోయిందిలెండి. రుబ్బురోలు ఉన్నన్నాళ్లేనండి ఆ రుచి. గ్రైండర్లొచ్చాక ఇంకేవుందండీ!"

ఈసారి ఎన్నేళ్లు ఆలస్యమయ్యానో నేను అడగలేదు.

ఆత్రేయపురంలో మాత్రం అదృష్టం బాగుంది. ఒకింటి అరుగు మీద ఒకావిడ పూతరేకులు తీస్తోంది. బోర్లించిన కుండ, కింద మంట. పల్చటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి, రెండు చేతులతో పట్టుకుని కుండ మీద ఇలా లాగి అలా తీసేసింది. రెప్పపాటులో కుండ మీద పొర ఆరి, కాగితంలా పైకి లేచింది. దాన్ని వేళ్లతో ఎత్తి పక్కన పెట్టి మళ్లీ గుడ్డ ముంచింది. నేను చూస్తుండగానే ఇరవై రేకులు. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది వీటికి. అంత పేరున్నదాన్ని ఎలా తినాలో నాకు తెలియలేదు. కొరుకుతూనే "అబ్బ!" అన్నాను. ఆ గాలికి బెల్లం పొడి లేచి నా మీసాల మీదా, మా ఆవిడ కళ్లజోడు మీదా వాలింది. పూతరేకు నోట్లో ఉండగా మెచ్చుకోకూడదు.

అసలైన చిక్కు దుకాణాలతో వచ్చింది. ఒక బోర్డు మీద "అసలైనది", పక్కదాని మీద "అసలు సిసలైనది", ఎదుటిదాని మీద "పాతది, ఇదే". "మాకు ఎక్కడా బ్రాంచీలు లేవు" అన్న మాట ఒకే పేరుతో మూడు చోట్ల కనబడింది. ఎవరి మనసూ నొప్పించడం ఇష్టం లేక మూడింట్లోనూ కొన్నాను.

ఇంక తాపేశ్వరం మడత కాజా. 2016లో ఆ ఊళ్లో 29 వేల కిలోలు దాటిన లడ్డూ కట్టి గిన్నిస్‌కి ఎక్కారు. అది గుర్తొచ్చాక నేను తింటున్న నాలుగు కాజాలు ఉపవాసం కింద లెక్క అనిపించి, అయిదోది తీసుకున్నాను.

గృహప్రవేశం భోజనాల సంగతి చెప్పేదేముంది! అది గోదావరి జిల్లా. విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టాను. మా బావమరిది వేళ్ల సందులోంచి గారె జార్చాడు. ఆ పైన కాకినాడ గొట్టం కాజా వచ్చింది. కోటయ్యగారి పేరుతో లోకమంతా ఎరిగిన సరుకు. మడత కాజాలో పాకం పొరలకి పట్టి ఉంటుంది, గొట్టం కాజాలో కడుపు నిండా ఉంటుంది. ఆ తేడా తెలియక సగానికి కొరికాను. మిగతా సగంలోని పాకం కొత్త పట్టు చొక్కా మీదుగా మొలతాడు దాకా ప్రయాణం చేసింది.

"బావగారూ, దాన్ని కొరక్కూడదండీ! మొత్తం నోట్లో వేసుకోవాలండి" అన్నాడు, రెండోది అందిస్తూ.

మర్నాడు సుబ్బయ్య హోటల్‌కి వెళ్లాం. అరిటాకు నిండా వరసలు కట్టిన కూరలూ పచ్చళ్లూ, కందిపొడి మీద నెయ్యి, అడగకుండానే మళ్లీ మళ్లీ వచ్చే వడ్డన. లోపమంతా నాదే. కళ్లు సిద్ధంగా ఉన్నాయి, పొట్ట రాజీనామా ఇచ్చేసింది. తిరిగొచ్చాక లెక్క చూసుకుంటే పదిహేడింటిలో తిన్నవి ఆరు, తాగిన ఈనో ప్యాకెట్లు తొమ్మిది.

మూడు నెలలకి మా బావమరిది ఏదో పని మీద హైదరాబాదు వచ్చాడు. సోఫాలో కూర్చుంటూనే ఫోను తీసి, "బావగారూ, మీ ఇంటి దగ్గర బిర్యానీ హోటలు ఒకటి భలే ఉంటుందటండీ. రాత్రికి వెళ్దావాండీ?" అన్నాడు. జాబితా కనబడింది. పద్నాలుగు పేర్లు.

నేను కుర్చీలో వెనక్కి వాలాను. కాఫీ గ్లాసులోంచి గిన్నెలోకి పోసుకున్నాను. నా ప్రమేయం లేకుండానే మాట నోట్లోంచి వచ్చేసింది.

"ఇప్పుడేముంది బావా అక్కడ! పాత మాస్టరు ఉన్నప్పుడు తినాలి. నువ్వు పాతికేళ్లు ఆలస్యంగా వచ్చావు."

అతని మొహం చిన్నబోయింది. నాకు మాత్రం ఒళ్లంతా హాయిగా అనిపించింది. ఈ ఊరొచ్చి ముప్పై ఏళ్లయింది, ఓటరు కార్డుంది, ఆధార్ ఉంది. అయినా ఈ ఊరివాణ్ణని అనిపించింది ఆ క్షణంలోనే.

వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినబడింది.

"ఏవండీ, ఆ హోటలు పెట్టి రెండేళ్లే కదా అయింది?"