టార్నీట్ ఆటవెలదికి ద్వారకా నగర్ టీక

అవతారిక: మూలం వాట్సప్‌లో వచ్చింది. కర్త్రి మెల్‌బోర్న్‌కి పడమట టార్నీట్‌లో కొత్తగా కాపురం పెట్టిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, అయిదేళ్ల పిల్లకు తల్లి. అందుకున్నవారు విశాఖ ద్వారకా నగర్‌లో మా పై ఫ్లోర్‌లో ఉండే ఆమె తండ్రి, రిటైరైన తెలుగు మాస్టారు. కూతురు పంపిన నాలుగు పొడి ముక్కల్నీ ఆయన పాలప్యాకెట్టు తెచ్చుకునేలోగా పద్యంలో పెట్టేశారు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టేసుకుని మరీ కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు మన కోలాచల మల్లినాథసూరి. మాకు అలాంటి ఒట్లేం లేవు.

ఇల్లు దొరికె నాన్న! యెదుటను పంజాబి,
పక్కయింటివారు బర్మవారు,
చింతపండు దొరుకు, చిన్నది బడికేగె,
వీలు చూచుకొనుచు వేగ రండు.

ప్రతిపదార్థం: ఇల్లు = అద్దె ఇల్లు; దొరికె = ఎట్టకేలకు లభించెను; నాన్న = ఓ తండ్రీ (ఫోను స్పీకరులో ఉన్నది గనుక ఓ తల్లీ అని కూడా); ఎదుటను = రోడ్డుకు ఆవల; పంజాబి = పంజాబీ కుటుంబము; బర్మవారు = దీని సంగతి తర్వాత; చింతపండు = చింతపండే; చిన్నది = మనవరాలు; బడికేగె = ప్రెప్ అను తరగతిలో చేరెను; వీలు చూచుకొనుచు = వీసా తెచ్చుకొనుచు; వేగ రండు = శీఘ్రముగా విచ్చేయుడు.

టీక: ‘దొరికె’ అన్న క్రియ చూడ్డానికి పొట్టిదే. దాని వెనక శనివారాలన్నీ ఉన్నాయి. అక్కడ ఇల్లు చూపించడానికి ఓ టైమిస్తారు. ఆ పావుగంటలో పది కుటుంబాలు వరసగా వచ్చి చూసి, జీతం స్లిప్పులూ పాత ఓనరు మాటసాయమూ జతచేసి అర్జీ పెట్టుకోవాలి. నిన్నగాక మొన్న దిగినవాళ్లకు పాత ఓనరెక్కడ? ఇక అడ్వాన్సు మన దగ్గరిలా ఓనరు జేబులోకి పోదు. మామూలుగా ఒక నెల అద్దె, ప్రభుత్వపు బాండ్ అథారిటీ దగ్గర ఉంటుంది. కానీ ‘మీరేవిట్లండీ?’ అని ఎవరూ అడగలేదట. ఆ ప్రశ్నకు జవాబు చెప్పి చెప్పి విసిగినవాళ్లు ఈ పాదాన్ని రెండుసార్లు చదువుకోవచ్చు.

ఇల్లు దొరకడం కారణం, పిల్ల బడికెళ్లడం కార్యం. ఏ సర్కారు బడిలో చేర్చుకోవాలో ఇంటి చిరునామాయే చెబుతుంది కాబట్టి ఇది హేత్వలంకారం. ఏప్రిల్ 30 నాటికి అయిదేళ్లు నిండితేనే ప్రెప్‌లోకి రానిస్తారు. ఎండల రోజుల్లో టోపీ లేని పిల్లకు మైదానంలో ఆట లేదు. మనవరాలు మొదటివారమే టోపీ పోగొట్టుకుని నీడలో కూర్చుందట. అక్కడే కూర్చున్న ఇంకో టోపీలేని పిల్ల ఇప్పుడు దాని ప్రాణస్నేహితురాలు.

పూర్వపక్షం: మా అపార్టుమెంటు సెక్రటరీగారు, ‘తెలుగువాళ్లే లేని చోట పాపం ఎలా నెగ్గుకొస్తుందో’ అన్నారు. ఇది నిలవదు. 2021 జనగణనలో ఆస్ట్రేలియాలో ఇంట తెలుగు మాట్లాడేవారు 59 వేల పైచిలుకు తేలారు. మన సందుల్లో ఐఈఎల్‌టీఎస్ బోర్డులు చదవగలిగిన ఎవరికైనా తెలిసిన ముచ్చట ఇంకోటుంది: అక్కడ అనువాదకులకు గుర్తింపునిచ్చే నాటీ వారి సీసీఎల్ భాషా పరీక్ష తెలుగులో నెగ్గితే పీఆర్, అంటే శాశ్వత నివాసపు లెక్కలో అయిదు పాయింట్లు కలుస్తాయి. బళ్లో తెలుగు క్లాసంటే పారిపోయిన కూతురు ఆ అయిదూ తెచ్చుకుంది. మాస్టారు వాటిని తన ఖాతాలో వేసుకున్నారు.

అదీగాక, పరాయివాళ్లంటే ఎవరు? రోజూ గురుద్వారా జంక్షన్ మీదుగా తిరిగేవాడికి ఎదుటింటి పంజాబీ కొత్తేమిటి? చెత్తడబ్బాల శాస్త్రం చెప్పింది ఆ ఇంటి సర్దార్జీయే. ఎర్రమూతలో మామూలు చెత్త, పసుపుమూతలో మళ్లీ వాడేవి, పచ్చమూతలో ఆకులూ కూరతొక్కలూ. తప్పు మూతలో వేస్తే బండి వదిలేసి పోతుంది, వీధివీధంతా చూస్తుంది. పరాయిదనం అంటూ ఏదైనా ఉంటే మూతల రంగుల్లోనే ఉంది, ఇరుగుపొరుగులో లేదు.

ఇప్పుడు ‘బర్మవారు’. వెర్రిబీ, టార్నీట్ వైపు బర్మా నుంచి శరణార్థులుగా వచ్చిన కరెన్ కుటుంబాలున్నాయి. పద్యం వినిపించగానే మా వాచ్‌మన్, ‘మా తాత రంగమెల్లొచ్చినోడేనండి’ అన్నాడు. రంగూన్‌ను మనవాళ్లు రంగమనేవారు. ఈ తీరం నుంచి ఓడలెక్కి కూలికి వెళ్లినవాళ్లలో కొందరు 1942లో జపాను బాంబులకు కాలినడకన వెనక్కొచ్చారు. 1962లో సైన్యాధిపతి నే విన్ గద్దెనెక్కాక మిగిలినవాళ్లలో చాలామంది కూడా రావలసి వచ్చింది. కంచరపాలెం వైపు బర్మా క్యాంపుకు ఆ పేరు ఊరికే రాలేదు. మనం అక్కణ్ణుంచి తట్టాబుట్టా సర్దుకొచ్చినట్టే వాళ్లూ సర్దుకొచ్చారు, దిగిన రేవు వేరు, అంతే.

ఈ పదానికి ధ్వని కూడా ఉంది. పక్కింటావిడ కంచెకానుకుని కుండీల్లో పెంచుతున్నది గోంగూర. వాళ్లు చిన్‌బౌంగ్ అంటారు, ఎండు రొయ్యలేసి వేయిస్తారు. వీడియోకాల్లో ఆ ఎర్రకాడలు చూసి పిన్నిగారు, అంటే మాస్టారి భార్య, ‘ఇది మన భీమిలి వంటే’ అని తేల్చేశారు. కంచె మీంచి ఓ కట్ట ఇటొచ్చింది, గిన్నెడు పులిహోర అటు వెళ్లింది. చింతపండు దుకాణంలో దొరుకుతుంది గనక దాని గురించి విస్తరించం.

తాత్పర్యం: నాన్నా, కుదురుకున్నాం; పిల్లను బడి నుంచి తెచ్చేవాళ్లు కావాలి.

విశేషం: ఉత్తరార్ధం మూలంలో లేదని మాస్టారి అభ్యంతరం. మూడింటికే బడి వదులుతారు, ఇద్దరికీ ఆఫీసు అయిదు దాకా, అది అన్వయంలోనే ఉందని మా సమాధానం. ఆయన విజిటర్ వీసా ఫారం ముందేసుకుని, ‘వీలు చూచుకొనుచు’ అన్నచోట అరసున్నా ఉండాలా అని ఆలోచిస్తున్నారు.

పాఠాంతరం: పిన్నిగారి ప్రతిలో నాలుగో పాదం ‘వీలేమిటి, సింగపూర్ మీదుగా టికెట్లు తియ్యండి’ అని ఉంది. గణాలు కుదరవు, యతి లేదు. ఆ ఇంట్లో మాత్రం ఈ పాఠమే చెల్లుతోంది.