కొమ్ములు పోయిన బొమ్మను

పుట్టుకకు పొణికి చెట్టుని. కొండపల్లి బొమ్మకైనా నిర్మల్ బొమ్మకైనా మా తెల్ల పొణికే కావాలి. ఎండితే దూదంత తేలిక, ఉలి ఎటు తిప్పితే అటు తిరుగుతాం. ఇప్పుడు నేను రెండంగుళాల మనిషిని. చేతిలో విల్లు, వీపున అమ్ములపొది. దుమ్ముగూడెంలో ఒక డ్రాయింగు మాస్టారి ఇంట్లో, గోదారి గాలి వచ్చే కిటికీ పక్క బల్ల మీద ఉంటాను. నాకెదురుగా కాకతీయ సైన్యం.

మాస్టారిది మేడారం యుద్ధం. కరువొచ్చి కప్పం కట్టలేకపోయిన కోయ దొర పగిడిద్దరాజు మీదికి ప్రతాపరుద్రుడి సేనలు వచ్చిపడిన కథ. ఆయన భార్య సమ్మక్క, బిడ్డలు సారలమ్మ, జంపన్న పోరాడిన కథ. యూరప్‌లో ఇలాంటి బుల్లి సైనికులతో బల్ల మీద యుద్ధాలు ఆడతారట, హెచ్.జి. వెల్స్ 1913లో ఆ ఆటకు ఒక పుస్తకమే రాశాడు. వాళ్ళవి తగరం, సీసం కలిపి పోత పోసినవి. చతురంగం పుట్టిన దేశం మనది, మనకు కర్ర చాలన్నారు మాస్టారు.

నన్ను చెక్కాక సన్నసెగ మీద తడి ఆర్చారు. చేతులు విడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించారు. ఆపైన సుద్ద పూత. అది లేకపోతే కర్ర రంగును తాగేస్తుంది. ఒళ్ళు, గుడ్డ, వెంట్రుకలు, అన్నీ అయ్యాక చివరికి కళ్ళు. నాలుగు వెంట్రుకలు మిగిలిన కుంచెతో ముందు తెల్ల చుక్క, ఆరాక దానిలో నల్ల చుక్క. ఆ రెండో చుక్క పెట్టేటప్పుడు మాస్టారు ఊపిరి బిగబట్టారు. చుక్క పడింది, ఆయన ఊపిరి వదిలారు. ఆ వెచ్చదనం మొహానికి తగిలినప్పుడే నేను మొదటిసారి లోకాన్ని చూశాను.

చూస్తే ఎదురుగా ఎంత వైభవం! ఏనుగుల గొలుసులు, గంటలు మాస్టారు ఊహించి వేసినవి కావు. 1213 నాటి రామప్ప గుడి చుట్టూ రాతిలో బారులు తీరిన ఏనుగులున్నాయి. రెండు రోజులు అక్కడే కూర్చుని నోటుబుక్కు నింపుకొచ్చారు. రాజుకు శాసనాలున్నాయి, కోట ఉంది, తోరణాలున్నాయి. మా వైపు చూసుకుంటే నలభై మందిమి. అందరికీ ఒకటే మట్టిరంగు ఒళ్ళు, ఒకటే గోచీ, అందరి నెత్తినా అడవిదున్న కొమ్ములు, నెమలీకలు. నాకూ ఉన్నాయి. అప్పట్లో వాటిని చూసుకుని మురిసిపోయాను.

పక్కవీధి కోయ ముసలమ్మ చింతపండు ఇద్దామని వచ్చి బల్ల ముందు ఆగింది. నన్ను రెండు వేళ్ళతో ఎత్తి కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది.

“ఎవరు సారూ వీళ్ళు?”

“మీవాళ్ళే అవ్వా. సమ్మక్క దండు.”

“మావోళ్ళకు కొమ్ములెందుకు పెట్టినవ్? అవి పెళ్ళికి, పండక్కి, ఆడేటప్పుడు కట్టుకునేవి. ఇంటిమీదికి దండు వస్తాంటే కొమ్ములు కట్టుకుంటా కూసుంటరా?”

మాస్టారు మాట్లాడలేదు. ఆమె ఆపలేదు. “అందరికీ ఒకటే రంగేంది? జీలుగు చెట్టెక్కేటోడికి రొమ్ము మీద కాయ కాస్తది. గోదాట్ల తిరిగేటోడు వేరే నలుపు. మా పగిడె మీద చూడు, ఒక్కొక్కరు ఒక్కోతీరున ఉంటరు.”

పగిడె అంటే వాళ్ళ వంశపు పటం. మూడు మూలల గుడ్డ మీద పూర్వీకుల బొమ్మలుంటాయి. వేల్పుల కొలుపులో గాని దాన్ని విప్పరు. చూస్తామంటే తెచ్చి చూపేది కాదు. మాస్టారు అడగలేదు కూడా. అడగకపోవడమే మర్యాదని నాకూ అనిపించింది. మణుగూరు మండలం కూనవరం సకిని రామచంద్రయ్య, 2022లో పద్మశ్రీ అందుకున్న కోయ గాయకుడు, డోలు కొట్టి చెప్పిన కథను మాత్రం రాత్రిళ్ళు ఫోనులో పెట్టుకుని విన్నారు. మేమూ విన్నాం. రాతి మీద చెక్కించుకోలేని వాళ్ళు గొంతులో దాచుకున్న సంగతులవి.

తెల్లారి ఆకురాయి తీశారు. మొదట నన్నే. గరగరమంటూ కొమ్ములు రాలిపోయాయి. నెత్తిన తేలిన రెండు పచ్చి మచ్చల్లో మక్కు నింపి, జుట్టు రంగు వేశారు. మురిసిన కొమ్ములే గనక బాధ పడ్డాను, దాచను. కానీ మూడో రోజు నా రొమ్ము మీద, ఒంటిరంగు కన్నా ఒక పిసరు ముదురుగా, గోరంచంత మచ్చ పడింది. జీలుగు చెట్టెక్కేవాడి కాయ. అప్పటిదాకా నలభై మందిలో ఒకణ్ణి. ఆ మచ్చతో నాకొక పని, ఒక చెట్టు, సాయంత్రం కల్లు దించి వెళ్ళే ఒక ఇల్లు వచ్చాయి.

ఇంకా ముప్పై తొమ్మిది మంది ఉన్నారు. మాస్టారు తొందరపడటం లేదు. వారానికొకరు. సంతరోజు ముసలమ్మ ఇటుగా వెళ్తే లోపలికి పిలిచి, టీ ఇచ్చి, ఒక బొమ్మను ఆమె అరచేతిలో పెడతారు.

“అవ్వా, వీడు ఏం పని చేసేవాడు?”

ఆమె టీ పక్కన పెట్టి, బొమ్మను కిటికీ వెలుగుకు తిప్పుతుంది.